కత్తెర ఎవరి చేతిలో ఉన్నది?

చదువవలసిన వాక్యభాగములు: 1 కొరింథీయులకు 11:2–16, రోమీయులకు 14:1–13



చిన్న సంగతులని మనము త్రోసివేయు వాటియందే అనేక పర్యాయములు మన మనస్సుల నిజస్థితి బయలుపడుచుండును. పొలము గట్టు తగవులోను, పెండ్లి సంబంధము మాటలోను ఎంతో జాగ్రత్తగా మాటలాడువారు సైతము, పొరుగింటి స్త్రీ జడ నాలుగు వ్రేళ్లు తగ్గినదని చూచినప్పుడు నాలుకను అదుపులో నుంచుకొనలేరు. కావున ఈ నెల మీ యెదుట ఒక చిన్న ప్రశ్న నుంచుచున్నాను. క్రైస్తవ స్త్రీ తన పొడవైన జుట్టు కొనలను ఇంటియొద్ద తన చేతులతోనే కత్తిరించుకొనవచ్చునా? అట్లు చేసినయెడల దేవుడు తనకిచ్చిన ఘనతను ఆమె పోగొట్టుకొనినట్లగునా?

ఇది నవ్వులాటకు అడుగు ప్రశ్న కాదు. పట్టణములో చదువుకొనుచున్న బిడ్డల తల్లులు దీనిని నన్ను అడుగుచున్నారు. సంఘపెద్దలు అడుగుచున్నారు. చేతిఫోనులో చూచి కత్తెర పట్టుకొన్న ఆడపిల్లలు నోరు తెరచి అడుగలేదు గాని, వారి ముఖములలో ఈ ప్రశ్న కనబడుచునే యున్నది. మెల్లగా, క్రమముగా ఆలోచింతము.

1. మొదట జుట్టును గూర్చి తెలిసికొందము

దేవుడు చేసిన ఏ వస్తువును గూర్చియైనను తీర్పు చెప్పకమునుపు ఆ వస్తువు ఎట్టిదో తెలిసికొనుట మంచిది. మన తలమీద సుమారు లక్ష వెండ్రుకలుండును. అవన్నియు తండ్రియొద్ద లెక్కింపబడియున్నవని ప్రభువు సెలవిచ్చెను (మత్తయి 10:30). వాటిలో దినమునకు ఏబది మొదలుకొని నూరువరకు రాలుట సహజమే. దువ్వెనకు చుట్టుకొన్న వెండ్రుకలను చూచి దిగులుపడనక్కరలేదు.

వెండ్రుకయొక్క జీవమంతయు చర్మము క్రిందనున్న కుదురులోనే యున్నది. చర్మము దాటి పైకి వచ్చిన భాగమునకు రక్తము లేదు, నరము లేదు. అందుచేతనే కత్తెర తగిలినను నొప్పి పుట్టదు. కొన కత్తిరింపబడిన సంగతి కుదురునకు తెలియనే తెలియదు. కావున కొనలు కత్తిరించినయెడల జుట్టు త్వరగా పెరుగునని కొందరు చెప్పు మాట సరియైనది కాదు. ఒకసారి కత్తెర పెట్టినయెడల ఇక పెరుగదని మరికొందరు చెప్పు మాటయు సరియైనది కాదు.

జుట్టు నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగును. ఒక తల్లి జడ 70 సెంటీమీటర్లు ఉన్నదనుకొనుడు. ఆ జడ కొన చర్మమునుండి వెలుపలికి వచ్చి దాదాపు ఆరు సంవత్సరములైనదన్నమాట. ఈ యేడు ఒకటవ తరగతిలో చేరిన బిడ్డ ఇంకను ఊయలలో ఉన్నప్పుడు మొలచిన వెండ్రుకయే నేడు ఆ తల్లి నడుముమీద ఆడుచున్నది. ఈ ఆరేండ్లలో అది ఎన్ని ఎండలు భరించినది! ఎన్ని వరినాట్లలో తడిసినది! ఎన్ని మిరపకోతల దుమ్ము మోసినది! తడిజుట్టును తువాలుతో కొట్టితిమి, చిక్కులను దువ్వెనతో లాగితిమి, పాయలను బిగించి కట్టితిమి.

వెండ్రుకపైన ఇంటికప్పు పెంకులవలె ఒకదానిమీద ఒకటి పేర్చబడిన సన్నని పొర కలదు. అది కాలక్రమమున అరిగిపోగా కొన రెండుగా చీలును. దీనినే మనవారు జుట్టు చిట్లినదందురు. చిట్లిన వెండ్రుక మరల అతుకుకొనదు. కొబ్బరినూనె దానిని మెత్తపరచును గాని అతికింపలేదు. ఆ చీలిక పైపైకి ప్రాకి, నడిమికి తెగి, ఉన్న పొడవును కూడ తీసివేయును. చీలిక ముగిసిన చోటికి కొంచెము పైగా కత్తిరించుటయే దానికి మందు.

ఇది లెక్క వేసి చూడుడు. సంవత్సరమునకు 12 సెంటీమీటర్లు పెరుగును. నాలుగు నెలలకొకసారి అర అంగుళము చొప్పున కత్తిరించినయెడల సంవత్సరమునకు పోవునది సుమారు 4 సెంటీమీటర్లు. మిగులునది 8 సెంటీమీటర్లు. కత్తెర పెట్టిన స్త్రీకి జడ నిలిచియే యున్నది. కత్తెరకు భయపడిన స్త్రీకి కొనలు చీలి, తెగి, ఎలుకతోకవలె సన్నబడిన జడ మిగులుటయు కలదు. పెరటి మల్లెపొదకు చలికాలములో కొమ్మలు కత్తిరించువానిని చూచి, వీడు మల్లెను ద్వేషించుచున్నాడని ఎవరైన అందురా? మల్లెకు కత్తిరించిన చోట క్రొత్త చిగురు వచ్చును, జుట్టుకు అట్లు రాదు. అయినను రెండు చోట్లను కత్తెర పట్టిన చేయి కాపాడు చేయియే.

2. పౌలు ఏమి వ్రాసెను? ఏమి వ్రాయలేదు?

ఇప్పుడు వాక్యమునకు వత్తము. ఇంటర్మీడియెట్ చదువుచున్న ఒక అమ్మాయి తన జడ కొనలను ఇంట్లో రెండు అంగుళములు కత్తిరించుకొన్నది. పెరటిలో పడిన వెండ్రుకలను ఎవరో చూచిరి. శనివారమునకు అది రెండు అంగుళములే. ఆదివారము ఆరాధన వేళకు మెడవరకు కత్తిరించుకొన్నదని ఊరంతయు ప్రాకినది! ఆరాధన ముగిసిన తరువాత ఒక పెద్దాయన నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, పౌలుగారు రాసిన మాటను మనం తుడిచేస్తామా? ఆ పిల్లను పాటలు పాడేవాళ్లలో నిలబెట్టకండి" అనెను.

నేను, "పెద్దయ్యగారూ, పౌలుగారు రాసిన మాట ఒక్కటి కూడ తుడవవద్దు. ఆయన రాయని మాట ఒక్కటి కూడ చేర్చవద్దు. రండి, కలిసి చదువుదాం" అంటిని. ఇద్దరము బల్లయొద్ద కూర్చుండి మొదటి కొరింథీ పత్రిక పదునొకండవ అధ్యాయము చదివితిమి.

పౌలు ఈ పత్రికను సుమారు క్రీ. శ. 55వ సంవత్సర ప్రాంతమున ఎఫెసునుండి వ్రాసెను. స్త్రీ తల కత్తిరించుకొనుట, గొరిగించుకొనుట అవమానమని ఆయన చెప్పుచున్నాడు (6వ వచనము). కత్తిరించుట అనుచోట ఆయన వాడిన గ్రీకు మాట ఎటువంటిది? అపొస్తలుల కార్యములు 8:32లో గొఱ్ఱె బొచ్చు కత్తిరించువానిని గూర్చి వాడబడినది ఆ మాటయే. గొఱ్ఱె బొచ్చు ఎట్లు తీయుదురో మీలో మందలు మేపువారికి నేను చెప్పనక్కరలేదు. కొనలు సరిచేసి విడిచిపెట్టరు. ఒంటిమీదిదంతయు తీసివేయుదురు. మరియు అపొస్తలుల కార్యములు 18:18లో కెంక్రేయలో మ్రొక్కుబడి నిమిత్తము తల వెండ్రుకలు కత్తిరించుకొన్న సందర్భమునను ఆ మాటయే యున్నది. కెంక్రేయ అనునది ఎక్కడనో లేదు. అది కొరింథు పట్టణపు రేవే. కావున పౌలునకు కత్తెరమీద పగ లేదు.

పదునైదవ వచనములో పొడవైన జుట్టు స్త్రీకి పైటచెంగువలె కప్పుగా ఇయ్యబడినదని ఆయన చెప్పుచున్నాడు. మంచిది. నడుమువరకున్న జడలో రెండు అంగుళములు తీసిన స్త్రీకి ఆ కప్పు పోయినదా? జడ ఇంకను నడుముపైననే యున్నది గదా! పొడవు ఎన్ని అంగుళములుండవలెనని పౌలు ఎక్కడను కొలత చెప్పలేదు. ఆయన చెప్పని కొలతను మనము టేపు తీసికొని సంఘద్వారమునొద్ద నిలిచి చెప్పుట ఎట్లు? పదునాఱవ వచనములో ఈ సంగతినిబట్టి కలహింపగోరువానికి ఆయన చెప్పిన జవాబును కూడ చదువుడు. తలమీది సంగతిని కలహముగా మార్చుట సంఘముల ఆచారము కాదని ఆయన భావము.

ఇంకొక వాక్యము. యెహెజ్కేలు 44:20లో దేవుని సన్నిధిని సేవచేయు యాజకులకు ఒక నియమము కలదు. వారు తల గొరిగించుకొనకూడదు, జుట్టును విచ్చలవిడిగా పెరుగనియ్యకూడదు, దానిని కత్తిరించుకొనుచు మితముగా నుంచుకొనవలెను. అది యాజకులకు చెప్పిన మాట, స్త్రీలకు చెప్పినది కాదని నేను ఎరుగుదును. అయినను జుట్టును మితముగా సరిచేసికొనుట దేవుని దృష్టికి అపవిత్రమైన పని కాదని అందువలన తేటపడుచున్నది.

ఆ పెద్దాయన చాలసేపు మాటలాడలేదు. తరువాత మెల్లగా, "అయ్యగారూ, పోయినేడు మా మనవరాలికి పేలు పడితే నేనే గుండు కొట్టించాను" అనెను. పిల్ల ఏడ్చినదా అని అడిగితిని. "నాలుగు రోజులు బడికి పోలేదండి. తలమీద గుడ్డ తీయలేదు" అనెను. ఆ దినమున మన సంఘములో ఎవరును పౌలును జ్ఞాపకము చేసికొనలేదు. పిల్ల ఇష్టములేకుండ పెద్దవాడు తల గొరిగించినప్పుడు అందరమును ఊరకుంటిమి. పిల్ల తన యిష్టముచొప్పున రెండు అంగుళములు తీసికొన్నప్పుడు అందరమును లేచితిమి. ప్రియులారా, అసలు ప్రశ్న ఇక్కడనే యున్నది.

3. ఎవరి చేయి?

వాక్యములో జుట్టు పోయిన చోట్లను వరుసగా చూచినయెడల ఒక సంగతి తేటపడును. యుద్ధములో చెరపట్టబడిన స్త్రీ క్రొత్త యింటికి తేబడినప్పుడు ఆమె తల క్షౌరము చేయింపబడెను (ద్వితీయోపదేశకాండము 21:12). ఆమెను ఇది నీకు ఇష్టమా అని అడిగినవారు లేరు. సమ్సోను నిద్రించుచుండగా పరుని చేయి అతని జడలను తీసివేసెను (న్యాయాధిపతులు 16:19). ఇవి కన్నీటి కథలు. యోబు అయితే దుఃఖములో తన తల తానే గొరిగించుకొని సాగిలపడి నమస్కారము చేసెను (యోబు 1:20). నాజీరు తన దినములు నిండినప్పుడు తన జుట్టును తీయించుకొని దేవుని సన్నిధిని అర్పించెను (సంఖ్యాకాండము 6:18). ఇక్కడను జుట్టు పోయినది గాని అవమానము లేదు. జుట్టు పొడవులో భేదము లేదు. భేదమంతయు కత్తెరయో కత్తియో ఎవరి చేతిలో, ఎవరి యిష్టముచొప్పున నున్నదనుదానిలోనే యున్నది.

మన తెలుగు నేలమీదను ఈ దుఃఖకథ కలదు. భర్త చనిపోయిన స్త్రీకి, కొన్ని కులములలో చిన్నవయస్సు బాలికకు సైతము, తల గొరిగించి ఒక మూలను కూర్చుండబెట్టు ఆచారము పూర్వమున ఉండెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు (1848–1919) అట్టి స్త్రీల పక్షమున నిలిచి, 1881 డిసెంబరులో రాజమహేంద్రవరములో మొదటి వితంతు వివాహము జరిపించిరి. ఆయన క్రైస్తవుడు కాడు. అయినను ఆ స్త్రీల తలలమీదనుండి అవమానమును తీసివేయుటకు తన యూరివారి నిందను భరించెను. నేటికిని ఏదో ఒక నేరము మోపి స్త్రీ తల గొరిగించి వీధులలో త్రిప్పిరను వార్త అప్పుడప్పుడు పత్రికలలో చదువుచునే యున్నాము. అట్టిది మన గ్రామములో జరిగినయెడల సంఘము ఆమె ప్రక్కను నిలువవలెను. ఆమె ఏమి చేసినదని అప్పుడు విచారణ పెట్టకుడి.

మరియొక సంగతి. 2020వ సంవత్సరములో తమిళనాడులో ఒక పేద తల్లి, భర్త చనిపోగా, ఆకలిగొన్న తన బిడ్డలకు అన్నము పెట్టుటకు తన తలజుట్టునంతయు 150 రూపాయలకు అమ్ముకొన్నదని పత్రికలు వ్రాసెను. పౌలు ఆ యింటి ముంగిట నిలిచియుండినయెడల, అమ్మా, నీకు అవమానమని ఆమెతో చెప్పియుండునా? నేను నమ్మను. చుట్టునున్న మనవంటివారి తట్టు తిరిగి, ఈ బిడ్డల ఆకలి మీకెట్లు తెలియకపోయెనని అడిగియుండును. ఆ తల్లి తల బోడియైనది గాని ఆమె ఘనత పోలేదు. పోయినయెడల అది మన ఘనత.

మన వీధులలో సైకిలుమీద తిరుగుచు, రాలిన వెండ్రుకలు తీసికొని సామానులో డబ్బులో ఇచ్చువారు కలరు. దువ్వెనకు వచ్చిన వెండ్రుకలను దాచి అమ్ముకొనుటలో దోషము లేదు. అయితే డబ్బు చూచి, తలమీదనున్న జడను తీసి యిమ్మని భార్యనుగాని కోడలినిగాని ఎవరును బలవంతము చేయకూడదు. ఆమె తల ఆమెది, ఆమె తలకు శిరస్సు క్రీస్తు. ఇంటివారు దానికి యజమానులు కారు.

4. స్వాతంత్ర్యమునకు రెండు ప్రక్కలనున్న గోతులు

కత్తెర ఆమె చేతిలో ఉండవచ్చునని చెప్పితిని. అంతటితో మాట ముగియలేదు. మన చేతిలోనున్న కత్తెరను మన హృదయము నడిపించును గనుక హృదయమును గూర్చియు చెప్పవలెను.

అబ్షాలోము సంవత్సరాంతమున తల వెండ్రుకలు తీయించుకొని వాటిని తూకము వేయించెడివాడు. రాజు తూనికచొప్పున రెండువందల తులములుండెను (2 సమూయేలు 14:26). తులమొకటికి సుమారు 11 గ్రాములని లెక్కించినను రెండు కిలోలు దాటును. తన జుట్టును తానే తూచుకొని చూచుకొనువాని మనస్సు ఎక్కడ నుండునో చెప్పనక్కరలేదు. తరువాత అతడు తండ్రి సింహాసనముమీద కన్నువేసెను. చివరకు మస్తకివృక్షములో జుట్టు చిక్కుకొని చచ్చెనని మనము ప్రసంగములలో విందుము. వాక్యము చెప్పునది అతని తల చిక్కుకొనెనని మాత్రమే (2 సమూయేలు 18:9). జుట్టుమీద నేరము మోపకుడి. గర్వము తలలోనే యుండెను.

ఇది మొదటి గొయ్యి. కొనలు సరిచేసికొనుటకు పావుగంట చాలును. అద్దముముందు అరపూట గడచి, చేతిఫోనులోని ఎవరో ఒకతె రూపముతో తన రూపమును పోల్చుకొని, నేను ఇట్లు లేనే అని ఏడ్చుచున్నయెడల, ఆ బిడ్డ కత్తిరించుకొనుచున్నది జుట్టును కాదు, తన మనశ్శాంతిని. దేవుడు పైరూపమును లక్ష్యపెట్టక హృదయమును చూచునని సమూయేలునకు చెప్పబడిన మాట (1 సమూయేలు 16:7) మన ఆడపిల్లలకు ఓదార్పుగా చెప్పవలెను గాని గద్దింపుగా కాదు.

రెండవ గొయ్యి దీనికి ఎదుటనున్నది. నా తలకు పుట్టిన నాటినుండి కత్తెర తగులలేదని చెప్పుకొని, తగిలినదానిని చిన్నచూపు చూచుట. ఇదియు జుట్టును తూచుకొనుటయే. అబ్షాలోము బరువు తూచెను, ఈమె భక్తి తూచుచున్నది. జడలు అల్లుకొనుటవంటి పైయలంకారమును గాక సాధువైన మనస్సును కోరుమని పేతురు వ్రాసినప్పుడు (1 పేతురు 3:3–4), జడ లేకపోవుటయే సాధుత్వమని చెప్పలేదు, జడ ఉండుటయే సాధుత్వమని కూడ చెప్పలేదు.

అయితే మనస్సాక్షినిబట్టి కత్తెర పెట్టని సహోదరిని ఎవరును ఎగతాళి చేయకూడదు. రోమా పత్రిక పదునాలుగవ అధ్యాయము ఇద్దరికిని గూడ వ్రాయబడినది. తినువాడు తిననివానిని తృణీకరింపకూడదు, తిననివాడు తినువానికి తీర్పు తీర్చకూడదు. జుట్టు విషయమునను అంతే. పెట్టనిది ప్రభువునకై పెట్టనిదగును. పెట్టినది ప్రభువునకు కృతజ్ఞతతో పెట్టవలెను.

మంగళవారము కత్తెర పట్టరాదు, శుక్రవారము పట్టరాదు, దీపము పెట్టిన తరువాత పట్టరాదను మాటలు మన యిండ్లలో ఇంకను వినబడుచున్నవి. దినములన్నియు ప్రభువు కలుగజేసినవే. రాత్రివేళ చూపు ఆనదు గనుక పగటివెలుగులో కత్తిరించుట మంచిది, అంతే. కత్తిరించిన వెండ్రుక ఎవరికైన చిక్కినయెడల చేతబడి చేయుదురను భయమును విడిచిపెట్టుడి. లక్ష వెండ్రుకలను లెక్కించినవాని చేతిలోనుండి ఎవరును మిమ్మును అపహరింపలేరు. అయితే తెగిన వెండ్రుకలను ఇంట్లో విడువకుడి. అవి అన్నములో పడును. చంటిబిడ్డ కాలివ్రేలికి చుట్టుకొని బిగిసి వాపు తెచ్చుటయు కలదు. ఊడ్చి, పెరటిచెట్టు మొదట పాతిపెట్టుడి.

5. చేయవలసిన రీతి

స్త్రీల కూడికలో కొందరు తల్లులు అడిగిరి గనుక, అనుభవముగల సహోదరీలు చెప్పిన రీతిని క్లుప్తముగా వ్రాయుచున్నాను.

కుంకుడుకాయతోనో మరి దేనితోనో తల రుద్దుకొని, ఆరనిచ్చి, చిక్కులేకుండ దువ్వుకొనవలెను. తడిజుట్టు సాగును, ఆరినప్పుడు కుంచించుకొనును. అందుచేత తడిగానున్నప్పుడు అర అంగుళమని తీసినది ఆరిన తరువాత అంగుళమంత కనబడును. ఉంగరాల జుట్టుగలవారు మరి జాగ్రత్తపడవలెను. పాపిట తీసి, జుట్టును వెనుకనుండి రెండు సమభాగములుగా చేసి, రెండు భుజములమీదుగా ముందుకు తెచ్చుకొని, కొనకు రెండంగుళములు పైగా ఒక్కొక్కదానిని రబ్బరుతో కట్టవలెను. రెండు రబ్బర్లును ఒకే ఎత్తుననున్నవా అని అద్దములో చూచుకొనవలెను. తరువాత కట్టు క్రింద అర అంగుళముకంటె ఎక్కువ తీయకుండ కొంచెము కొంచెముగా కత్తిరించవలెను. వెనుకకు వేసికొన్నప్పుడు మధ్యభాగము కొంచెము పొడవుగాను ప్రక్కలు కొంచెము పొట్టిగాను ఉండును. వెనుక మధ్యనున్న వెండ్రుకలు ముందుకు రావలసిన దూరమెక్కువ గనుక అట్లగును. అది లోపము కాదు.

కాగితములు, పాల ప్యాకెట్లు కత్తిరించి మొద్దుబారిన కత్తెర వద్దు. అది వెండ్రుకను కోయదు, నలిపి క్రొత్త చీలికను పుట్టించును. జుట్టుకొరకు పదునైన చిన్న కత్తెర ఒకటి వేరుగా నుంచుకొనుడి. తీసినది మరల పెట్టలేము, తీయనిది రేపు తీయవచ్చును. కావున అనుకొన్నదానికంటె తక్కువ తీయుడి.

జుట్టు గుప్పెళ్లుగా రాలుచున్నయెడల కత్తెర దానికి మందు కాదు. కాన్పు తరువాతను, పెద్ద జ్వరము తరువాతను రెండు మూడు నెలలకు జుట్టు రాలి మరల వచ్చుట సాధారణము. రక్తహీనతవలనను రాలును. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోను తెలంగాణలోను పదునైదు మొదలు నలువదితొమ్మిది యేండ్లలోపు స్త్రీలలో సగముకంటె ఎక్కువమందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. అందరికిని వడ్డించి అడుగంటినది తిను తల్లులారా, మీ జుట్టును గూర్చి మాటలాడు ఇంటివారు మీ కంచమును గూర్చియు మాటలాడవలెను. ఆరోగ్య ఉపకేంద్రమునకు వెళ్లి రక్తపరీక్ష చేయించుకొనుడి. పేలు పట్టిన పిల్లకు గుండు చేయింపకుడి. పేలదువ్వెనతో ఓపికగా కొన్ని దినములు దువ్వినయెడల అవి పోవును. ఓపికలేనివాడే కత్తి వెదకును.

6. వెనుక భాగము

తన జుట్టు తాను కత్తిరించుకొనువానికి ముందు భాగము కనబడును గాని వెనుక భాగము కనబడదు. రెండవ అద్దమైన కావలెను, రెండవ చేయియైన కావలెను. ఇంట్లో కూతురు తల్లికి, తల్లి కూతురికి, వదిన ఆడబిడ్డకు ఈ సహాయము చేసికొనవచ్చును. అప్పుడు కూడ కూర్చున్నది ఎంత తీయుమని చెప్పునో అంతే తీయవలెను. "కాస్త ఎక్కువైతే ఏమిలే" అనుకొన్న చేయి అక్కడనే తప్పిపోవును.

మన సంఘములో చేతులు పైకి లేవని ముసలితల్లులు కలరు. కీళ్లవాపుచేత వారు తల దువ్వుకొనలేరు. నెలలతరబడి చిక్కుపడిన జుట్టును కొంగుక్రింద దాచుకొని వెనుక వరుసలో కూర్చుందురు. కొడుకు పట్టణములో, కోడలు పనిలో. ఎవరిని అడుగవలెనని సిగ్గు. శనివారము మధ్యాహ్నము మన యౌవనస్త్రీలు ఇద్దరు ముగ్గురు కూడి, ఒక దువ్వెన, ఒక కత్తెర, కొంచెము కొబ్బరినూనె తీసికొని వారి యిండ్లకు వెళ్లుడి. మొదట, "అవ్వా, దువ్వమంటావా? ఎంత తీయమంటావు?" అని అడుగుడి. ఆమె వద్దన్నయెడల నూనెరాచి, దువ్వి, ముడివేసి రండి. ప్రభువు శిష్యుల పాదములు కడిగి, మీరును ఒకరికొకరు అట్లు చేయుడని చెప్పెను (యోహాను 13:14). ఒక స్త్రీ తన తలవెండ్రుకలతో ఆయన పాదములు తుడిచినప్పుడు చూచినవారు ఆమెను గూర్చి తమలో తాము ఏమేమో అనుకొనిరి. ఆయన మాత్రము ఆమెను గద్దింపలేదు, సమాధానము గలదానవై వెళ్లుమనెను (లూకా 7:36–50).

పెద్దలారా, పై ఆదివారము ఆ అమ్మాయి పాటలు పాడువారితోకూడ నిలువబడును. ఆమె జడను కాక ఆమె పాడు కీర్తనను వినుడి. అమ్మలారా, మీ కూతుళ్ల చేతికి కత్తెర ఇచ్చునప్పుడు పదునును గూర్చి హెచ్చరింపుడి, మితమును నేర్పుడి, నమ్మిక ఉంచుడి.

ప్రార్థన: మా తలవెండ్రుకలను లెక్కించిన తండ్రీ, బలవంతముగా అవమానింపబడినవారి తలలను నీవే పైకెత్తుము. ఒకరి తలమీద తీర్పు తీర్చు మా నాలుకలను సరిచేయుము. మా చేతులను సహాయము చేయు చేతులుగా చేయుము. క్రీస్తు యేసు నామమున, ఆమేన్.